దర్శి కాలవలో ఎర దొంగకి

మెత్తవీపు తాబేలుకి,

దర్శి నుంచి గాలం వేసేవాడొకడు రాస్తున్నాడు. నీకు విలాసం రాయడం కష్టం. నాగార్జునసాగర్ నీళ్లు వదిలిన నెలల్లో దర్శి బ్రాంచి కాలవలో ఉంటావు. నీళ్లు కట్టేశాక ఏ మేజరు కాలవ తూము కిందో మిగిలిన గుంటలో చేరతావు. ఆ గుంటా ఎండితే చెరువడుగున బురదలోకి దిగిపోతావు. ఏ పోస్ట్‌మ్యాన్ వెతుకుతాడు నిన్ను? అందుకే పదిమందీ చదివేలా రాస్తున్నాను. నీ మీద నేరాలు మోపినవాళ్లు కూడా చదవాలన్నది రెండో కారణం.

ముందు నా ఫిర్యాదు. ఎర్రను గుచ్చి గాలం వేస్తాను. జెల్ల పడితే బెండు గజగజలాడుతుంది. కొర్రమీనైతే ఒక్క ఊపున ముంచేస్తుంది. నువ్వు పట్టుకుంటే మాత్రం బెండు మర్యాదగా ఓ పక్కకి ఒరిగి, పెళ్లికొడుకు ఊరేగింపులాగా నింపాదిగా కదిలిపోతుంది. లాగితే బరువు తగులుతుంది, నాకు ఆశ పుడుతుంది. పక్కనున్నవాళ్లు లేచి నిలబడతారు. ఇంకాస్త లాగితే తాడైనా తెగుతుంది, ఉత్త కొక్కెమైనా పైకొస్తుంది. ఒక్కోసారి నువ్వే వస్తావు, మెడ చాచి, నోరు తెరిచి, తప్పంతా నాదే అన్నట్టు చూస్తూ. పరువున్న చేప ఏదీ అలా చూడదు. ఎర దొంగతనం, తాడు నష్టం, నలుగురిలో నవ్వులపాలు చేయడం: ఈ మూడు నేరాలకీ నేనే సాక్షిని.

మిగతా నేరాల దగ్గరే నాకు అనుమానం మొదలైంది. మా వీధి కుర్రాడొకడు గాలానికి తగులుకున్న నీ నోట్లోంచి కొక్కెం తీయబోయాడు, ఉత్త చేత్తో. నువ్వు కొరికావు. వేలి కొసన చర్మం చీలింది, రక్తం బాగానే కారింది. సబ్బుతో కడిగి, కట్టు కట్టించి, టీటీ ఇంజెక్షన్ వేయించారు. జరిగింది అంతే. సాయంత్రం టీ బంకు దగ్గరికొచ్చేసరికి వేలు సగం తెగింది. మర్నాటికి అసలు వేలే లేదు. ఆ తర్వాత నీకు విషం కూడా వచ్చి చేరింది, కుర్రాణ్ణి ఒంగోలు తీసుకెళ్లారన్నారు. ఆ కుర్రాడు ఆ పక్కనే కూర్చుని, కట్టున్న వేలితోనే గ్లాసు పట్టుకుని టీ తాగుతున్నాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు.

నీ గురించి చెప్పే కథల్లో పెద్దది పట్టు కథ. నువ్వు కరిస్తే ఉరుము ఉరిమేదాకా వదలవట. ఇది మన గట్టు మీద పుట్టిన మాట అనుకోకు. బెంగాల్లో నీ జాతి గురించి తరాలుగా ఇదే చెప్పుకుంటారు. జపాన్‌లో సుప్పోన్ అని నీలాంటి మెత్తవీపు తాబేలుంది, దాన్ని పులుసు పెట్టుకుని తింటూ కూడా ఇదే అంటారు. అమెరికాలో స్నాపింగ్ తాబేలు అని ఒక మొరటు జాతి ఉంది, దక్షిణాది రాష్ట్రాల్లో దాని మీదా అక్షరం పొల్లుపోకుండా ఇదే నింద. ఒకరి మొహం ఒకరు చూడని మూడు దేశాలవాళ్లు కూడబలుక్కుని ఉరుము దగ్గరే ఎలా ఆగారు? నా ఊహ ఒకటుంది. వానాకాలం మొదటి జల్లులకే మీరు నేల మీదికి ఎక్కువగా వస్తారు, మనుషుల చేతికి చిక్కుతారు, అప్పుడు ఆకాశం ఉరమకుండా ఎలాగూ ఉండదు. కరిచినప్పుడు ఉరిమింది కనుక వదిలినప్పుడూ ఉరిమే ఉంటుందని లెక్క కట్టారేమో.

పట్టు మాత్రం కల్పన కాదు. నువ్వు కరిచి కొంతసేపు పట్టుకునే ఉంటావు, నిజమే. ఎందుకంటే కరిపించుకున్నవాడు చెయ్యి విదిలిస్తాడు, లాగుతాడు, అరుస్తాడు, ఇంకొకడొచ్చి నీ పెంకు పట్టి వెనక్కి గుంజుతాడు. గాల్లో వేలాడుతున్న నీకు ఆ వేలొక్కటే ఆధారం. లాగేకొద్దీ బిగిస్తావు. చేతిని నీతో సహా నీళ్లలో ముంచి కదలకుండా ఉంటే, పారిపోయే దారి దొరికిందని నువ్వే వదిలి పోతావు. ఆ నొప్పిలో అలా కదలకుండా ఉండడం చెప్పినంత తేలిక కాదనుకో. అయినా ఉరుము కోసం ఎదురుచూడడం కన్నా నయం. మన వైపు పట్టు కీర్తి అంతా ఉడుము కొట్టేసింది కాబట్టి నీకు రెండో స్థానమే. ఆ విషయంలో బెంగాల్ తాబేళ్లు నీకన్నా అదృష్టవంతులు.

అమెరికా చుట్టం సంగతి కాస్త వివరంగా చెబుతాను, నీ కేసుకి పనికొస్తుంది. మన అద్దంకి, దర్శి, పొదిలి వైపు నుంచి వెళ్లి న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో ఇళ్లు కొనుక్కున్నవాళ్లున్నారు. ఎండాకాలం వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడి ఎండ తప్పించుకుని అక్కడికి వెళతారు. సరిగ్గా మే, జూన్ నెలల్లోనే ఆడ స్నాపింగ్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి నీళ్లు వదిలి నేల మీదికొస్తాయి. ఇంటి ముందు గడ్డిలో, రోడ్డంచున ఇసుకలో గుంట తవ్వుకుంటూ కనపడతాయి. మొసలి తోక, గరుకు వీపు, పెద్ద తల, పదిహేను కిలోల దాకా తూగే ఒళ్లు. దగ్గరికెళితే బుసకొట్టి, మెడ విసిరి నోరు తెరుస్తాయి. అది చూసినవాళ్లు కాలు పోతుందని, చీపురు కర్ర రెండు ముక్కలైపోతుందని చెప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు.

దాని కష్టం వేరే. దాని పొట్ట కింది పలక చాలా చిన్నది. తలా కాళ్లూ పెంకులోకి పూర్తిగా లాక్కుని దాక్కోలేదు. నేల మీద పరుగెత్తలేదు. ఇక మిగిలింది నోరొక్కటే. అదే తాబేలు చెరువులో ఉన్నప్పుడు మనిషి ఈదుతూ దగ్గరికొస్తే బురదలోకి జారుకుంటుంది. ఈదేవాళ్ల వెంటపడి కరిచే అలవాటు దానికి లేదు. 2002లో కొందరు శాస్త్రవేత్తలు రకరకాల తాబేళ్ల కొరుకుడు బలం యంత్రంతో కొలిచారు. స్నాపింగ్ తాబేలుది సుమారు 200 న్యూటన్లు. పెద్దమనిషి దవడ పళ్లతో గట్టిగా కొరికితే సాధారణంగా 500 న్యూటన్లు దాటుతుంది. చెరకు గడ ఒలిచే మా తాత నీ అమెరికా చుట్టాన్ని అవలీలగా ఓడించేవాడన్నమాట.

అలాగని దాన్ని ముద్దు చేయమని ఎవరికీ చెప్పను. బలం తక్కువైనా అంచు పదును. పళ్లు లేని ఆ దవడలు కొమ్ముతో చేసిన కత్తెర్లు, వేలి మీద పడితే లోతుగా దిగుతాయి. దాన్నో, దాని పెద్దన్న అలిగేటర్ స్నాపింగ్ తాబేలునో చేత్తో ఆడించబోయి వేలు పోగొట్టుకున్నవాళ్లు లేకపోలేదు. గమనించాల్సింది ఆడించబోయి అన్న ముక్క. నీళ్లలోంచి లేచొచ్చి మనిషి వేలు ఎత్తుకుపోయిన తాబేలు కథ టీ బంకుల్లోనే దొరుకుతుంది.

నీ సంగతికొస్తే, నీకు దానిలా నోటినే నమ్ముకోవాల్సిన అవసరం కూడా లేదు. అడుగు పైచిలుకు పొడవు పెరిగితే నీ జాతిలో అదే గొప్ప. వీపు మీద గట్టి పలకల బదులు తోలు పరుచుకుని ఉంటుంది. చేప చర్మంలా జారిపోయే ఒళ్లు. పొట్ట వెనక భాగంలో రెండు తోలు మూతలున్నాయి నీకు, కాళ్లు లోపలికి లాక్కోగానే అవి మూసుకుంటాయి. ముందువైపు పొట్ట పలక కూడా పైకి ముడుచుకుంటుంది. ప్రపంచంలో మెత్తవీపు తాబేళ్లు చాలా ఉన్నా ఇలా తలుపులేసుకునే వెసులుబాటు కొద్దిమందికే. అందుకే గట్టు మీద పట్టుకున్నప్పుడు నువ్వు ముందు చేసే పని లోపలికి ముడుచుకోవడం. చాలామంది పిల్లలు నువ్వు చచ్చావనుకుని వదిలేసి పోయేది అందుకే. తిరగేసి, పుల్లతో పొడిచి, తల బయటికి లాగాలని చూస్తేనే నువ్వు కొరుకుతావు.

ఒక జాగ్రత్త మాత్రం నీ తరఫున నేనే చెప్పాలి. పెంకు పక్కలు పట్టుకుంటే ఫర్వాలేదనుకునేవాళ్లకి నీ మెడ పొడవు తెలియదు. లోపల మడతపెట్టి ఉంచుకుంటావు. చాస్తే పక్కకీ వెనక్కీ చాలా దూరం తిరుగుతుంది. వెనక కాళ్ల దగ్గరగా పట్టుకోవాలి. లేదా అసలు పట్టుకోకుండా గోనెపట్టానో బకెట్‌నో వాడాలి. నీకు విషం లేదు. ఏ తాబేలు కాటులోనూ విషం లేదు. గాయం మురికి గాయం కనుక కడగాలి, ధనుర్వాతం సూది వేయించాలి. అంతకుమించి నీ కాటుకి మంత్రమూ అక్కర్లేదు, వేరుమందూ అక్కర్లేదు.

నీ వల్ల నిజంగా రాగల జబ్బు ఒకటుంది, దాని గురించి మా గట్టు మీద ఎవరూ మాట్లాడరు. తాబేళ్ల ఒంటి మీదా పేగుల్లోనూ సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంటుంది. తాబేలుని తాకిన చేత్తో అన్నం తింటే వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు, చిన్నపిల్లలకైతే ప్రమాదం. అమెరికాలో పెంపుడు తాబేళ్ల వల్ల పిల్లలకి ఈ జబ్బు ఎంతగా వచ్చిందంటే, నాలుగు అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. స్నాపింగ్ తాబేలు నోటిని చూసి భయపడే దేశంలో ప్రభుత్వం కదిలింది అరచేతిలో పట్టే బుజ్జి తాబేళ్ల మీద. నోరు తెరిచిందా లేదా అన్నదానితో ప్రమాదం కొలిస్తే ఇలాగే ఉంటుంది.

అసలు చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. మా ఊళ్లవాళ్లం భయపడడంలో నేర్పరులం కాము. నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. సాగర్ కాలవ రాకముందు ఈ మెట్ట ప్రాంతం తాగింది బావి నీళ్లు. అద్దంలాంటి నీళ్లు, అందులో నీలాంటివాళ్లెవరూ లేరు, ఎవరినీ ఏదీ కరవలేదు. ముందు ఎద్దుల కీళ్లు బిగుసుకుపోయాయి, నడవలేకపోయాయి, రైతులకి ఎందుకో అర్థం కాలేదు. తర్వాత మనుషుల పళ్లు గారపట్టాయి, నడుములు వంగాయి, కాళ్లు దొడ్డి తిరిగాయి. 1937లో వైద్యులు దీనికి ఫ్లోరైడ్ కారణమని రాసినప్పుడు, దేశంలో ఈ జబ్బుని మొదటగా గుర్తించిన చోట్లు దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలే. అప్పటికి ఇవి నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా అయ్యాక, ఆ తర్వాత ప్రకాశం జిల్లా అయ్యాక కూడా ఈ పడమటి ఊళ్లకి ఫ్లోరైడ్ వదల్లేదు. తరాల తరబడి ఎముకల్ని వంచిన ఆ నీటిని చేదుకుని తాగుతూ, వానాకాలం వాకిట్లోకొచ్చిన తాబేలుని చూసి చీపురు పట్టుకున్నాం.

నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న కాలవలకి నీళ్లొదిలారు. కుడి కాలవ చివరి భూములు మావి, కాబట్టి నీళ్ల కోసం ఎదురుచూడడం మాకు వారసత్వంగా వచ్చింది. ఆ నీళ్లే తాగడానికి కూడా చెరువుల్లో నింపుకుంటున్నాం. అలా ఆ నీళ్లతోపాటు నువ్వూ మాకు కాస్త దగ్గరయ్యావు. మంచినీళ్ల చెరువులో తాబేలు కనపడితే నీళ్లు పాడయ్యాయని గగ్గోలు పెట్టేవాళ్లున్నారు. ఆ చెరువులో నువ్వు చేసేది నత్తల్ని, చచ్చిన చేపల్ని, కుళ్లిన దాన్ని తినడం. నీ వల్ల కొంచెం సూక్ష్మజీవులుంటాయేమో, వాటికి క్లోరిన్ ఉంది. ఆ క్లోరిన్ కలిపారా లేదా అని అడిగేవాళ్లు గగ్గోలు పెట్టేవాళ్లకన్నా తక్కువ.

ఇంక కాలవ సంగతి. సిమెంటు పలకలు పరిచిన గట్టు, నాచు పట్టిన వాలు, నిండుగా పారే నీళ్లు. కాలు జారితే పట్టుకోవడానికి గడ్డిపరక ఉండదు. ఎండల్లో పిల్లలు దూకుతారు, పశువుల్ని కడగడానికి దిగినవాళ్లు జారతారు. దేశంలో నీళ్లలో మునిగి చనిపోయేవాళ్లు ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఏటా 30,000 పైమాటే. పాముకాటు లెక్క ఇంకా దారుణం: 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని, ఏటా సగటున 58,000 మందని ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అందులో ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిసిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పొలంలోకి రాత్రిపూట చెప్పుల్లేకుండా, టార్చిలైటు లేకుండా వెళ్లే మా బాబాయి, కాలవలో దిగేముందు మాత్రం తాబేళ్లున్నాయేమోనని రాయి విసిరి చూస్తాడు. ఆ జాగ్రత్తలో సగం పక్కనున్న నాచు మీద పెడితే బాగుంటుందని చెప్పి చూశాను. నవ్వాడు.

నువ్వు శవాలు తింటావన్న నేరం ఒకటుంది. తింటావు, దొరికితే. అది నీ వంటింటి సంగతి, కాటుతో దానికి సంబంధం లేదు. గంగ శుద్ధి కోసం 1986లో గంగా కార్యాచరణ పథకం మొదలుపెట్టినప్పుడు, సగం కాలి నదిలో పడే శవాల్ని తినడానికి మాంసం తినే పెద్ద మెత్తవీపు తాబేళ్లని గుడ్ల నుంచి పెంచి వేల సంఖ్యలో వదిలారు. కాశీ దగ్గర ఏడు కిలోమీటర్ల మేర వాటికి అభయారణ్యం కూడా ప్రకటించారు, 2020లో ఆ హోదా తీసేశారు. ఆ పథకం ఎంత పనిచేసిందన్నది వేరే వాదన. ఆ తాబేళ్లు నీకన్నా రెండింతలు పెద్దవి. వాటిని వదిలింది మాత్రం రోజూ వేలమంది మెడలోతు నీళ్లలో మునకలేసే ఘాట్ల పక్కన.

ఇక అరిష్టం. తాబేలు చొచ్చిన ఇల్లూ అమీనా చొచ్చిన ఇల్లూ ఒకటేనని మా పెద్దమ్మ అనేది. అమీనా అంటే బాకీ తీర్చనివాడి ఇంటికి జప్తుకి వచ్చే కోర్టువాడు. ఇదే పెద్దమ్మ మనవడు అద్దంకి రోడ్డులో కొట్టు పెట్టి, గల్లాపెట్టె పక్కన గాజు పళ్లెంలో నీళ్లు పోసి ఇత్తడి తాబేలుని పెట్టుకున్నాడు, లాభం రావాలని. శ్రీకాకుళం వెళ్లి శ్రీకూర్మంలో కూర్మనాథుడికి దండం పెట్టుకొస్తాం. ఇత్తడిదైతే లక్ష్మి, రాతిదైతే విష్ణువు, కాళ్లున్నదైతే జప్తు. దీని మీద వాదించను, ఇలాంటివి వాదిస్తే పోవు. నువ్వు ఇంట్లోకొచ్చేది అప్పుల కబురు మోసుకుని కాదని మాత్రం చెప్పగలను. కాలవ కట్టేసి చెరువు నెర్రెలిచ్చిన నెలల్లో నువ్వు మట్టిలో దిగి, తిండీ నీళ్లూ లేకుండా నెలలపాటు పడుకుంటావు. మొదటి గట్టివాన పడగానే లేచి నీళ్లు వెతుక్కుంటూ నడుస్తావు. ఆ దారిలో మా కొత్త ప్లాట్లు లేచాయి. మొన్నటిదాకా కుంట ఉన్నచోట ఇల్లు కట్టి, వానలో వాకిట్లోకి వచ్చినవాణ్ణి అరిష్టమంటున్నాం.

ఆ నిద్రలోనే నీకు అసలు గండం. ఎండాకాలం చెరువుల్లో పూడిక తీస్తారు. పొక్లెయిన్ బకెట్ ఎత్తిన మట్టిలో నువ్వుంటావు, ట్రాక్టరు ట్రక్కులో పొలానికి చేరతావు. కొందరు తెచ్చి నీళ్లలో వదులుతారు. కొందరు భయంతో గడ్డపలుగు వేస్తారు. భయం లేనివాళ్లు గోనెసంచిలో వేస్తారు. ఈ మూడోరకం నీకు మరీ ప్రమాదం. గోదావరి జిల్లాల చెరువుల నుంచి నీ జాతివాళ్లని సంచుల్లో కుక్కి, ఒడిశాలో మల్కన్‌గిరి వైపు మాంసానికి తరలిస్తూ పట్టుబడిన వాహనాల వార్తలు చాలాసార్లు వచ్చాయి. వాళ్లు వందల మంది తాబేళ్లని చేత్తో పట్టి సంచుల్లో వేశారు. వేళ్లన్నీ ఉన్నాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో నువ్వు మొదటి షెడ్యూలులో ఉన్నావు, పులి ఉన్న పట్టికలోనే. నిన్ను పట్టినా, చంపినా, అమ్మినా, ఇంట్లో తొట్టెలో పెంచినా నేరమే. వేటకీ అమ్మకానికీ మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. మా ఊళ్లో ఈ మాట చెబితే నమ్మరు. నల్లమలలో పులికీ, చెరువులో తాబేలుకీ ఒకే చట్టమా అంటారు. నాకూ మొదట నీ హోదా కాస్త ఎక్కువనిపించింది, ముఖ్యంగా నువ్వు తాడు తెంపిన రోజున.

చేపల చెరువు పాట పాడుకున్నవాళ్ల ఫిర్యాదు మిగిలింది. చేపపిల్లల్ని తినేస్తున్నావని, వల చింపుతున్నావని వాళ్లంటారు. నువ్వు పూర్తిగా నిర్దోషివని నేను చెప్పలేను. కప్పలు, నత్తలు, పురుగులు, నీటిమొక్కలు, చచ్చినవి, నీరసించినవి నీకు మొదటి ఎంపిక. చురుకైన చేప నీకు అందదు. కానీ పిల్లలు కిక్కిరిసిన చెరువులో చేతికందింది వదలవు కూడా. వల చింపేది మాత్రం అందులో ఇరుక్కుని ఊపిరాడక. నువ్వు నీళ్లలో ఉన్నా గాలి కోసం పైకి రావాల్సినవాడివి, రాత్రంతా ముంచి ఉంచిన వలలో పడితే తెల్లారేసరికి చచ్చిపోతావు. వల ఖరీదు వాళ్లది, ప్రాణం నీది. ఈ తగువు తీర్చడం నా వల్ల కాదు, పొద్దున్నే వల చూసుకోమని వాళ్లకి చెప్పడం తప్ప.

నా వరకు నేను చేసేది రాస్తున్నాను. గాలానికి నువ్వు తగులుకుంటే గుంజను. గట్టు మీద తడిగోనె పరిచి నిన్ను దాని మీదకి జార్చి, తల మీద గుడ్డ కప్పుతాను. చీకటైతే నీ తొందర తగ్గుతుంది. కొక్కెం పెదవికి మాత్రమే ఉంటే, వేలు పెట్టకుండా పట్టకారుతో దాని ముల్లు నొక్కి తీస్తాను. లోపలికి మింగి ఉంటే లాగను, లాగితే పేగు చీలుతుంది. తాడు నోటి దగ్గరగా కత్తిరించి, అటవీశాఖవాళ్లకి కబురు పెట్టడమే మార్గం. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుంటాను. నిన్ను బండి మీద దూరం తీసుకెళ్లి ఏ కంభం చెరువులోనో వదలడం పుణ్యమనుకునేవాళ్లున్నారు. అక్కర్లేదు. దొరికిన చోటికి దగ్గర నీళ్లే నీ నీళ్లు.

నీ నుంచి కోరేది ఒక్కటే. సెలవుల్లో మా పిల్లలు ఫోన్లు పట్టుకుని గట్టుకొస్తారు, వీడియో కోసం నీ మూతి ముందు పుల్లలూ వేళ్లూ ఆడిస్తారు. నువ్వు నోరు తెరిచి బుసకొట్టు, అంతవరకు నీ హక్కు. వేలు అందినా కాస్త ఆగి చూడు, చాలామటుకు వాళ్లే వెనక్కి దూకుతారు. ఒకవేళ కొరికితే తొందరగా వదిలిపెట్టు. టీ బంకు దాకా ఆ వార్త చేరేలోపు నేను అక్కడికి వెళ్లి కూర్చోవాలి.

ఇట్లు,
తూము పక్కన గాలం వేసుకునే
దర్శి వాసి